పెట్టుబడి కొంతే.. పూచీ కొండంత!

* తొమ్మిది దశాబ్దాల నాటి భాగస్వామ్య చట్టంలో ‘పరిమిత భాగస్వామి’కి చోటు లేదు
* విదేశాల్లోని పరిమిత భాగస్వామ్య సంస్థల గుర్తింపుపైనా స్పష్టత కరవు
* ప్రవాసుల సొమ్ముతో నడిచే డెల్టా వ్యాపారాలకు తప్పని చిక్కులు

విజయవాడ: దినపత్రికల జిల్లా పేజీల్లో అడుగున చిన్న అక్షరాలతో వచ్చే బహిరంగ ప్రకటనలను చాలామంది పాఠకులు చూసీచూడనట్లు వదిలేస్తుంటారు. ఫలానా భాగస్వామ్య సంస్థ నుంచి ఫలానా వ్యక్తి ఫలానా తేదీన వైదొలిగారని, ఇకపై ఆ సంస్థ లావాదేవీలతో ఆయనకు సంబంధం లేదని వాటి సారాంశం. ఇది మొక్కుబడి తంతు కాదు. రిజిస్టరైన సంస్థ నుంచి భాగస్వామి విరమించుకుంటే సంస్థల రిజిస్ట్రార్‌కు తెలియజేయడంతోపాటు రాజపత్రంలోనూ, ఆ జిల్లాలో చలామణిలో ఉన్న దేశభాషా పత్రిక ఒకదానిలోనూ ప్రకటించాలని 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 72వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ఆయనను భాగస్వామిగా ఎరిగిన వారికి ఆ ప్రకటన అందకపోతే, ఆయన వెళ్లిపోయిన తరువాత సంస్థ చేసిన అప్పులకు కూడా ఆయనే జవాబుదారీ కావాల్సి రావచ్చు.

ఒక చిన్న ప్రకటనకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఈ చట్టం కింద భాగస్వామి పూచీకి హద్దు లేదు. పెట్టింది లక్ష రూపాయలే అయినా సంస్థ అప్పు కోటి అయితే ఆ కోటికీ బాధ్యుడే. ఇంగ్లండ్, అమెరికా, సింగపూర్ వంటి దేశాల్లో పెట్టిన పెట్టుబడి మేరకే నష్టం భరించే ‘పరిమిత భాగస్వామి’ అనే వర్గం ఉంది. మన భాగస్వామ్య చట్టంలో ఆ వర్గం లేదు. ఆ దేశాల్లో అలా ఏర్పడిన సంస్థ ఇక్కడికి వస్తే దాన్ని ఏమని పిలవాలో చెప్పే సెక్షన్ కూడా లేదు. ఊరికొకరు చొప్పున విదేశాల్లో స్థిరపడి, వారు పంపే సొమ్ముతో వ్యాపారాలు సాగే కృష్ణా డెల్టాలో ఇది కేవలం న్యాయశాస్త్ర చర్చ కాదు. ఇంటిని, పొలాన్ని తాకే సమస్య.

నమ్మకమే పునాది

విజయవాడ వన్‌టౌన్ దుకాణాలు, ఆటోనగర్ వర్క్‌షాపులు, గొల్లపూడి టోకు మార్కెట్, గుడివాడ పరిసరాల రైస్ మిల్లులు, కైకలూరు వైపు ఐస్ ఫ్యాక్టరీలు, మచిలీపట్నం రోల్డ్‌గోల్డ్ నగల తయారీ.. ఈ ప్రాంతపు వ్యాపారంలో భాగస్వామ్య సంస్థల పాత్ర పెద్దది. అన్నదమ్ములు, బావాబావమరుదులు, వియ్యంకులు, ఒకే ఊరి స్నేహితులు కలిసి స్టాంపు కాగితంపై దస్తావేజు రాసుకుంటారు. ఒకరు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. ఒకరు సరుకు చూస్తారు. మరొకరు డబ్బు మాత్రమే పెడతారు. ఈ మూడో వ్యక్తినే వాడుకలో స్లీపింగ్ పార్ట్‌నర్ అంటారు. ఇప్పుడు ఆ మూడో వ్యక్తి డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉండటం మామూలైంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ముగ్గురు కలిసి శీతల గిడ్డంగి పెట్టారు. అమెరికాలోని బావమరిది 20 లక్షల రూపాయలు సమకూర్చి, లాభంలో నాలుగో వంతు తీసుకునేలా రాసుకున్నారు. నష్టం వస్తే ఆ 20 లక్షలకు మించి తనకు సంబంధం లేదని కూడా దస్తావేజులో చేర్చారు. ఏడాది గడిచేసరికి సంస్థ 2 కోట్ల అప్పులో కూరుకుపోయింది. అప్పుడు ఆ షరతు ఆయనను కాపాడదు. అది భాగస్వాములు తమలో తాము చేసుకున్న ఒప్పందం మాత్రమే. బ్యాంకుకు గానీ, సరుకు నిల్వ చేసిన రైతుకు గానీ అది వర్తించదు. తాను భాగస్వామిగా ఉన్న కాలంలో సంస్థ చేసిన ప్రతి పనికీ ప్రతి భాగస్వామి ఉమ్మడిగానూ, విడిగానూ బాధ్యుడని 25వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. అప్పిచ్చినవారు ముగ్గురి మీదా వెళ్లవచ్చు, ఒక్కరి మీదే వెళ్లవచ్చు. సహజంగానే ఆస్తి ఎవరికుంటే వారి మీదకే వెళతారు.

సంస్థ ఆస్తిని ముందు సంస్థ అప్పులకు, సొంత ఆస్తిని ముందు సొంత అప్పులకు వాడాలని 49వ సెక్షన్ చెబుతోంది. అయితే సొంత అప్పులు తీరగా మిగిలిన ఆస్తి మళ్లీ సంస్థ అప్పులకే పోతుంది. బావమరిది పేరిట ఊళ్లో ఉన్న తండ్రి నాటి ఇల్లు, పొలం ఆ విధంగా జప్తు దాకా రావచ్చు. గిడ్డంగి గడప ఒక్కసారైనా తొక్కలేదన్న వాదన కోర్టులో నిలవదు.

అప్పుడే వదిలేశారు

1932కు ముందు భాగస్వామ్య నిబంధనలు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఒక అధ్యాయంగా ఉండేవి. వాటిని విడదీసి కొత్త చట్టం రూపొందించేందుకు ఏర్పాటైన ప్రత్యేక సంఘంలో బ్రజేంద్రలాల్ మిట్టర్, దిన్షా ముల్లా, ఆర్థర్ ఎగ్గర్‌లతోపాటు నెల్లూరు జిల్లాకు చెందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ సభ్యులు. ఆ చట్టానికి ఒరవడి ఇంగ్లండ్‌లోని 1890 నాటి భాగస్వామ్య చట్టం. అప్పటికే ఇంగ్లండ్‌లో 1907 నాటి పరిమిత భాగస్వామ్యాల చట్టం అమలులో ఉంది. కనీసం ఒక సాధారణ భాగస్వామి అపరిమిత పూచీ వహించాలి, మిగిలినవారు పెట్టుబడి మేరకే బాధ్యులు, వారు నిర్వహణలో వేలు పెడితే ఆ రక్షణ పోతుంది.. ఇదీ దాని సారం. 1890 చట్టం నమూనా మనకు వచ్చింది. 1907 చట్టం రాలేదు.

పరిమిత బాధ్యత అనే ఆలోచన మన చట్టానికి తెలియనిదేమీ కాదు. 30వ సెక్షన్ ప్రకారం మైనర్‌ను సంస్థ లాభాల్లోకి చేర్చుకోవచ్చు. ఆ మైనర్ వాటా వరకే సంస్థ అప్పులకు బాధ్యత ఉంటుంది, సొంత ఆస్తికి ముప్పు ఉండదు. పద్దెనిమిదేళ్లు నిండాక ఆరు నెలల్లోగా భాగస్వామిగా ఉండేదీ లేనిదీ తేల్చి చెప్పాలి. అంటే పసివాడికి ఇచ్చిన రక్షణను, డబ్బు తప్ప ఇంకేమీ పట్టని పెద్దవాడికి చట్టం నిరాకరిస్తోంది.

ఈ పద్ధతి ప్రపంచానికి కొత్తది కాదు. మధ్యయుగాల ఇటలీలో ఓడ వ్యాపారానికి సొమ్మిచ్చినవారు ఆ సొమ్ము మేరకే నష్టపోయే ఏర్పాటు ఉండేది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 1822లోనే పరిమిత భాగస్వామ్య చట్టం చేసింది. 1611లో మచిలీపట్నం రేవులో వర్తకస్థానం తెరిచిన ఈస్టిండియా కంపెనీ సైతం దూరాన కూర్చున్న పెట్టుబడిదారుల సొమ్ముతో వచ్చినదే. దూరపు పెట్టుబడి, దగ్గరి నిర్వహణ అనే సూత్రం ఈ తీరానికి నాలుగు శతాబ్దాలుగా పరిచితం.

ఎల్‌ఎల్‌పీ ఉంది కదా?

ఉంది. 2008లో పార్లమెంటు ఆమోదించిన పరిమిత బాధ్యత భాగస్వామ్యాల చట్టం 2009 మార్చి 31 నుంచి అమలులోకి వచ్చింది. వాడుకలో ఎల్‌ఎల్‌పీగా పిలిచే ఈ సంస్థలో భాగస్వాములందరికీ పరిమిత బాధ్యతే. సంస్థకు వేరే వ్యక్తిత్వం ఉంటుంది. తన పేరిట ఆస్తి కొనవచ్చు, దావా వేయవచ్చు. దీనికి 1932 చట్టం వర్తించదు. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. పరిమిత భాగస్వామ్యంలో ఒకరైనా పూర్తి పూచీ వహించాలి. ఎల్‌ఎల్‌పీలో ఎవరూ వహించనక్కర్లేదు. తేడా ఇదే.

ఎల్‌ఎల్‌పీ అందరికీ అందుబాటులో ఉన్న మార్గమేనా అన్నది వేరే ప్రశ్న. వ్యాపారం జరిగినా జరగకపోయినా ఏటా లెక్కల నివేదిక, వార్షిక పత్రం దాఖలు చేయాలి. 2022కు ముందు ఒక్కో పత్రానికి రోజుకు 100 రూపాయల ఆలస్య రుసుము పడేది. వార్షిక టర్నోవరు 40 లక్షలు గానీ, పెట్టుబడి 25 లక్షలు గానీ దాటితే ఆడిట్ తప్పదు. కనీసం ఇద్దరు నియమిత భాగస్వాములు ఉండాలి, వారిలో ఒకరు భారత్‌లో నివసించేవారై ఉండాలి. నివాసానికి 182 రోజులుగా ఉన్న గడువును 2021 సవరణ ఆర్థిక సంవత్సరంలో 120 రోజులకు తగ్గించింది. ఇది ఊళ్లకు వచ్చిపోయే ప్రవాసులకు కొంత ఊరట. పాత భాగస్వామ్య సంస్థను ఎల్‌ఎల్‌పీగా మార్చుకునే వీలూ ఉంది. కానీ మార్పిడికి ముందు నాటి అప్పులకు భాగస్వాముల సొంత పూచీ అలాగే కొనసాగుతుంది.

విదేశీ సంస్థ వస్తే..

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. విదేశాల్లో నమోదైన ఎల్‌ఎల్‌పీ భారత్‌లో వ్యాపార స్థలం ఏర్పాటు చేసుకుంటే ఏం చేయాలో 2008 చట్టం 59వ సెక్షన్ కింద రూపొందించిన నిబంధనల్లో ఉంది. 30 రోజుల్లోగా 27వ నంబరు ఫారం దాఖలు చేయాలి. అదే విదేశీ ‘పరిమిత భాగస్వామ్యం’ వస్తే ఏ ఫారం నింపాలి? ఆ చట్టంలో ‘బాడీ కార్పొరేట్’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో విదేశీ ఎల్‌ఎల్‌పీ, విదేశీ కంపెనీ ఉన్నాయి. పరిమిత భాగస్వామ్యం ప్రస్తావన లేదు. ఎల్‌ఎల్‌పీలో భాగస్వామి కావాలంటే వ్యక్తి అయినా కావాలి, బాడీ కార్పొరేట్ అయినా కావాలి. రెండూ కాని సంస్థ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

పోనీ, ఇక్కడి మామూలు భాగస్వామ్య సంస్థలో చేరుదామంటే దానికీ అడ్డంకి ఉంది. భాగస్వామ్య సంస్థ అనేది చట్టం దృష్టిలో ‘వ్యక్తి’ కాదని, ఒక సంస్థ మరో సంస్థలో భాగస్వామి కాలేదని దులీచంద్ లక్ష్మీనారాయణ్ కేసులో 1956లో సుప్రీంకోర్టు తేల్చింది. అమెరికాలోని డెలావేర్ వంటి రాష్ట్రాల్లో పరిమిత భాగస్వామ్యానికి చట్టమే ప్రత్యేక వ్యక్తిత్వం ఇచ్చింది. ఇంగ్లండ్‌లో ఇవ్వలేదు. స్కాట్లాండ్‌లో ఇచ్చింది. ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉన్న ఈ సంస్థలను మన కోర్టు ఏ కొలమానంతో చూడాలో చెప్పే నిబంధన భాగస్వామ్య చట్టంలో లేదు.

నమోదుకు వెళ్లినా అంతే. 58వ సెక్షన్ ప్రకారం సంస్థల రిజిస్ట్రార్‌కు ఇచ్చే దరఖాస్తులో సంస్థ పేరు, ప్రధాన వ్యాపార స్థలం, ఇతర స్థలాలు, భాగస్వాములు చేరిన తేదీలు, వారి పూర్తి పేర్లు, శాశ్వత చిరునామాలు, సంస్థ కాలపరిమితి నింపాలి. ఎవరి బాధ్యత ఎంత అనే గడి అందులో లేదు. పరిమిత భాగస్వామి ఆ కాగితంపై పేరు రాసిన క్షణం నుంచి అపరిమిత భాగస్వామిగానే కనిపిస్తాడు.

ఒక చట్టం గుర్తిస్తుంది.. మరొకటి కాదంటుంది

విచిత్రం ఏమిటంటే, కేంద్రం చేసిన వేర్వేరు నిబంధనలే ఈ సంస్థలను వేర్వేరుగా చూస్తున్నాయి. 1989లో భారత్, అమెరికా కుదుర్చుకున్న ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం అమెరికా భాగస్వామ్య సంస్థలను పేరుపెట్టి ప్రస్తావిస్తుంది. వాటి ఆదాయంపై సంస్థ చేతిలో గానీ, భాగస్వాముల చేతిలో గానీ అమెరికాలో పన్ను పడినంత మేరకు వాటిని అక్కడి నివాసులుగా పరిగణిస్తుంది. పన్ను వసూలు దగ్గర ఉన్న ఈ స్పష్టత బాధ్యత దగ్గర లేదు.

విదేశీ మారక నిర్వహణ చట్టం కింద 2019లో వచ్చిన నిబంధనలదీ ఇదే తీరు. ప్రవాస భారతీయుల యాజమాన్యం, అదుపులో ఉన్న విదేశీ భాగస్వామ్య సంస్థ, సొమ్ము తిరిగి తీసుకెళ్లని పద్ధతిలో, ఇక్కడి కంపెనీలోనూ ఎల్‌ఎల్‌పీలోనూ పెట్టుబడి పెట్టవచ్చు. అయితే ఆ సంస్థ విదేశంలో ‘ఇన్‌కార్పొరేట్’ అయి ఉండాలన్నది నిబంధనలోని మాట. పరిమిత భాగస్వామ్యాలు చాలాచోట్ల కంపెనీల మాదిరిగా ఇన్‌కార్పొరేట్ కావు, నమోదు మాత్రమే అవుతాయి. ఆ ఒక్క మాట దగ్గరే న్యాయవాదుల అభిప్రాయాలకు పని పడుతుంది. ఇక మామూలు భాగస్వామ్య సంస్థలో అయితే ప్రవాస వ్యక్తికే అవకాశం. అదీ ఆ సంస్థ వ్యవసాయం, తోటల పెంపకం, స్థిరాస్తి వ్యాపారం, పత్రికా రంగాల్లో లేకపోతేనే. తిరిగి తీసుకెళ్లే పద్ధతిలో పెట్టాలంటే రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి కావాలి.

ఫలితంగా కుటుంబ ఆస్తుల కోసం అమెరికాలో పరిమిత భాగస్వామ్యం ఏర్పాటు చేసుకున్న డెల్టా కుటుంబం, ఆ సొమ్ముతో సొంత ఊళ్లో యూనిట్ పెట్టాలనుకుంటే దారులు మూసుకుపోతాయి. చివరికి ఎవరో ఒకరు సొంత పేరిట డబ్బు పంపి, అపరిమిత పూచీని నెత్తిన వేసుకుంటారు. లేదా ఊళ్లోని బంధువు పేరిట రాయిస్తారు. తరువాత ఆ బంధువుతోనే తగవు వస్తుంది.

అప్పిచ్చిన రైతు మాటేమిటి?

పరిమిత బాధ్యత అనగానే ఒకవైపే చూడటం సరికాదు. మిల్లుకు ధాన్యం తోలి చీటీతో తిరిగొచ్చిన రైతు, ఎగుమతిదారుకు రొయ్యలు ఇచ్చి నెల తరువాత డబ్బు కోసం ఎదురుచూసే సాగుదారు, మేత అరువిచ్చిన దుకాణదారు.. వీరందరూ సంస్థకు అప్పిచ్చినవారే. వారు నమ్మింది సంస్థ పేరును కాదు, దాని వెనుక ఉన్న మనుషులను, వారి పొలాలను. ఆ పూచీకి హద్దు గీస్తే రైతు నష్టపోతాడన్న వాదనను తోసిపుచ్చలేం. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, కడలి ఆవల కొనుగోలుదారు వెనక్కి తగ్గితే నష్టం ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న ఆక్వా రైతుల ముందు నిలిచింది. ఆ కొనుగోలుదారు పరిమిత భాగస్వామ్యం అయితే, పూర్తి పూచీ ఎవరిది, పరిమిత పూచీ ఎవరిది అన్నది ఇక్కడి ఎగుమతిదారుకు ముందే తెలియాలి.

విదేశీ అనుభవమూ హెచ్చరికే. 2014లో వెలుగుచూసిన మాల్డోవా బ్యాంకుల కుంభకోణంలో సుమారు వంద కోట్ల డాలర్లు మాయమయ్యాయి. ఆ సొమ్ము దారి మళ్లింపులో స్కాట్లాండ్ పరిమిత భాగస్వామ్యాల పేర్లు బయటపడ్డాయి. అసలు యజమానులెవరో వెల్లడించాలని 2017లో బ్రిటన్ వాటిని ఆదేశించింది. 2023లో చేసిన ఆర్థిక నేరాల చట్టంతో నమోదు, చిరునామా నిబంధనలను మరింత బిగించింది. గుర్తింపు ఇచ్చి వివరాలు అడగకపోతే ఏమవుతుందో ఆ దేశం నష్టపోయి నేర్చుకుంది.

కాబట్టి గుర్తింపు, వెల్లడి రెండూ కలిసే రావాలి. నిజానికి నేటి పరిస్థితే రైతుకు ఎక్కువ ప్రమాదకరం. చట్టంలో చోటు లేనందున అసలు పెట్టుబడిదారు కాగితం మీద ఎక్కడా కనపడడు. బినామీ కనపడతాడు. పూచీకి హద్దు ఉన్నా సరే, ఎవరు ఎంత మేరకు బాధ్యులో నమోదు పుస్తకంలో బహిరంగంగా ఉంటే అరువిచ్చేవాడు ముందే లెక్క చూసుకుంటాడు.

ఏం చేయాలి?

మొదటిది, 1932 చట్టంలో పరిమిత భాగస్వామి అనే వర్గాన్ని చేర్చడం. ఒకరైనా పూర్తి పూచీ వహించాలి, పరిమిత భాగస్వామి పెట్టుబడి మొత్తం రిజిస్టరులో కనపడాలి, నిర్వహణలో తలదూరిస్తే రక్షణ పోవాలి. సింగపూర్ 2005లో ఎల్‌ఎల్‌పీ చట్టం, 2008లో విడిగా పరిమిత భాగస్వామ్యాల చట్టం చేసుకుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని అక్కడ అనుకోలేదు.

రెండోది, విదేశీ ఎల్‌ఎల్‌పీకి ఉన్నట్లే విదేశీ పరిమిత భాగస్వామ్యానికీ నమోదు విధానం. ఏ దేశ చట్టం కింద ఏర్పడింది, పూర్తి పూచీ ఎవరిది, అసలు యజమానులెవరు, భారత్‌లో నోటీసు అందుకునేదెవరు అన్న నాలుగు వివరాలు తప్పనిసరి చేయాలి. విదేశీ మారక నిబంధనల్లోని ‘ఇన్‌కార్పొరేట్’ మాటకు వివరణ ఇవ్వాలి.

ఇదంతా ఢిల్లీ పని అని రాష్ట్రం చేతులు దులుపుకోవడానికి లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని ఉమ్మడి జాబితా 7వ అంశంలో కాంట్రాక్టులతోపాటు భాగస్వామ్యం కూడా ఉంది. మహారాష్ట్ర 1984లో ఈ చట్టంలోని 69వ సెక్షన్‌ను తన రాష్ట్రానికి సవరించుకుంది. వెలగపూడిలోని శాసనసభకూ ఆ అధికారం ఉంది. కేంద్ర చట్టంతో పొసగని చోట రాష్ట్రపతి ఆమోదం పొందాల్సి ఉంటుంది. విదేశీ మారకం, ఎల్‌ఎల్‌పీలు మాత్రం కేంద్రం పరిధిలోనివి.

సవరణ వచ్చేలోగా కుటుంబాలు జాగ్రత్త పడటం మేలు. డబ్బు మాత్రమే పెట్టేవారు భాగస్వామిగా సంతకం చేసే ముందు ఎల్‌ఎల్‌పీ వీలవుతుందేమో చూసుకోవాలి. లాభంలో వాటా తీసుకున్నంత మాత్రాన అప్పిచ్చినవాడు భాగస్వామి అయిపోడని 6వ సెక్షన్ చెబుతున్నందున, అప్పు పత్రం రూపంలో ఇచ్చే మార్గమూ ఉంది. అయితే ప్రవాసులు విదేశీ మారక నిబంధనలు సరిచూసుకున్నాకే ఆ పని చేయాలి. సంస్థను రిజిస్టరు చేయించడం మరవరాదు. రిజిస్టరు కాని సంస్థ బకాయిల కోసం దావా వేయలేదు. వైదొలిగినప్పుడు పత్రికా ప్రకటన ఖర్చుకు వెనకాడరాదు. అటు రైతులు, వ్యాపారులు పెద్ద మొత్తం అరువిచ్చే ముందు రిజిస్టరును తనిఖీ చేయవచ్చు. రుసుము చెల్లించి ఎవరైనా చూసే హక్కును 66వ సెక్షన్ ఇచ్చింది.

మాట మీద నడిచిన వ్యాపారం డెల్టాకు కొత్త కాదు. మాట ఇచ్చినవారు ఒకే ఊళ్లో ఉన్నంతకాలం ఆ పద్ధతి నడిచింది. ఇప్పుడు ఒకరు గుడివాడలో, ఒకరు డల్లాస్‌లో ఉన్నారు. ఇద్దరి మధ్య ఉన్న దూరాన్ని 1932 నాటి చట్టం ఊహించలేదు. ఎవరి పూచీ ఎంతో రాసిపెట్టే పని ఇప్పటికైనా చేయకపోతే, గిట్టుబాటు కాని వ్యాపారంతోపాటు బంధుత్వాలూ కోర్టు మెట్లెక్కడం ఆగదు.